క్రాంక్‌కేస్ బటన్ పడితే రీసెట్ చేయొద్దు

తమ్ముడూ, ఎర్రగుంట్ల నుంచి సిమెంట్ లోడుతో వస్తుంటే డబ్ల్యూడీజీ-4 (గూడ్సు బండ్లు లాగే డీజిల్ రైలింజన్) ఆగిపోయిందనీ, క్రాంక్‌కేస్ (ఇంజన్ అడుగున క్రాంక్‌షాఫ్ట్ తిరిగే గది) ప్రెషర్ బటన్ పడిందనీ, అంటే బయటికి వచ్చిందనీ, నొక్కేసి మళ్లీ స్టార్ట్ చేయొచ్చా అనీ అడిగావు. వద్దు. బండ్లు నడిపించే కంట్రోల్ ఆఫీసు నుంచి ఎన్ని ఫోన్లొచ్చినా వద్దు.

ముందు టార్చి వేసి, పడింది ఆ బటనేనా అని సరిగ్గా చూడు. నీళ్లు తగ్గితే పడే బటన్ కూడా ఆ పక్కనే ఉంటుంది, కంగారులో ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకుంటారు. నీళ్లదైతే సైట్ గ్లాస్ (నీళ్ల మట్టం కనిపించే గాజు గొట్టం) చూసి, తగ్గినవి పోసి రీసెట్ చేసుకోవచ్చు.

క్రాంక్‌కేస్‌దైతే కథ వేరు. ఇంజన్ నడుస్తున్నంతసేపూ లోపల కొంచెం వాక్యూమ్ ఉండాలి, ఎడక్టర్ అనే గొట్టం ఆయిల్ ఆవిరిని బయటికి లాగేస్తుంటుంది. దానికి బదులు ఒత్తిడి పుట్టిందంటే పిస్టన్ పగిలిందో, రింగులు పట్టేశాయో, బేరింగ్ కాలిపోతోందో. ఎడక్టర్ మూసుకుపోయినా ఇదే లక్షణం, కానీ లైన్ మీద నిలబడి అది తేల్చలేవు. కాలిన బేరింగ్ వేడికి ఆయిల్ సన్నటి పొగమంచులా నిండి ఉంటుంది. ఏమైందో చూద్దామని సైడ్ కవర్ తీశావో, బయటి గాలి తగిలి పేలొచ్చు. అందుకే కనీసం 2 గంటలు చల్లారనివ్వాలి. ఆ తర్వాత కూడా తీయాల్సింది షెడ్ వాళ్లే, నువ్వు కాదు.

ఇంజన్ ఫెయిల్ అయిందని కంట్రోల్‌కి చెప్పేసి, వేరే లోకో (రైలింజన్) అడుగు. ఆగినప్పుడు ఏ నాచ్‌లో (థ్రాటిల్ మెట్టులో) ఉంది, ఆయిల్ ప్రెషర్ ఎంత, టైమెంత అన్నది లాగ్ బుక్కులో రాయి. గుత్తి షెడ్‌లో మొదట అడిగేది అవే.