గిటారు శ్రుతి నిలవాలంటే ట్యూనింగ్ కీలు మార్చాలా?

విజయనగరంలో కొన్న అకూస్టిక్ గిటారు ఊరికే శ్రుతి దిగిపోతోంది, తీగలు బిగించే కీలు మార్చనా అని అడిగారు. ముందు నట్ (మెడ పైచివర తీగలు ఆనే గాళ్ల పట్టీ) చూడండి. కీ తిప్పేటప్పుడు ‘టిక్’మని తీగ ఎగిరి పడితే లోపం నట్ గాడిలోనే ఉంది, అందులో పెన్సిల్ మొన రుద్దితే చాలాసార్లు సరిపోతుంది. కీ వదులుగా ఆడుతుంటే మాత్రం మార్చాల్సి రావచ్చు.

బొబ్బిలి వీణ బిరడా రాపిడితో నిలుస్తుంది, గిటారు కీలో పళ్లచక్రం ఉంటుంది. కీల వివరాల్లో కనిపించే 18:1 అంటే కీ 18 చుట్లు తిప్పితే తీగ చుట్టుకునే కడ్డీ ఒక్క చుట్టు తిరుగుతుంది. 14:1 కంటే సన్నగా సరిచేయొచ్చు, అంతే. శ్రుతి ఎక్కువసేపు నిలుస్తుందని కాదు.

కొనేముందు పాత కీ ఒకటి ఊడదీసి రంధ్రం కొలవండి. కొత్త రకాలకు ఎక్కువగా 10 మి.మీ. కావాలి. స్క్రూల చోటు కూడా కలవాలి. రంధ్రం పెంచాల్సి వస్తే రీమర్ (రంధ్రాన్ని కొద్దికొద్దిగా గీకి పెంచే పనిముట్టు) వాడండి. డ్రిల్లు పెడితే చెక్క పెచ్చు లేచిపోవచ్చు.