పిస్టల్ పైకి ఎగురుతోంది, బుల్లెట్లు కింద తగులుతున్నాయి: ఇంకా గట్టిగా పట్టుకోవాలా?

షూటింగ్ రేంజ్‌లో 9 ఎంఎం పిస్టల్ పేల్చిన ప్రతిసారీ అది పైకి లేస్తోందని, బుల్లెట్లు మాత్రం టార్గెట్‌లో ఎడమవైపు కిందకి పోతున్నాయని రాశారు. రెండూ ఒకటే సమస్య కాదండీ. డల్లాస్ దగ్గర ఇండోర్ రేంజ్‌కి కొన్నేళ్ళుగా వెళ్తున్నాను. కొత్తగా వచ్చే మనవాళ్ళలో చాలామందిది ఇదే కథ.

బుల్లెట్ బ్యారెల్ దాటడానికి సెకనులో వెయ్యోవంతు పడుతుందేమో. గన్ పైకి లేవడం మన కంటికి ఆనేసరికి అది ఎప్పుడో వెళ్ళిపోయింది. కిందకి తగలడానికి కారణం భయం. చప్పుడు, గన్ వెనక్కి కొట్టే తన్ను వస్తాయని ముందే తెలుసు కాబట్టి ట్రిగ్గర్ లాగుతూనే చెయ్యి బిగుసుకుని బ్యారెల్‌ని కిందకి తోసేస్తుంది. కుడిచేతివాటం వాళ్ళకి అది ఎడమ కిందకే పోతుంది. అనుమానముంటే, మీకు తెలియకుండా మ్యాగజైన్‌లో (తూటాలు నింపే పెట్టెలో) అక్కడక్కడా డమ్మీ రౌండ్లు, అంటే పేలని ఉత్తుత్తి తూటాలు, కలిపి పెట్టమని ఫ్రెండ్‌కి చెప్పండి. డమ్మీ వచ్చినప్పుడు గన్ అస్సలు కదలకూడదు. అది తల దించడం మీరే చూస్తారు!

ఇక పట్టు. బ్యారెల్ చేతికన్నా ఎత్తులో ఉంటుంది కాబట్టి తన్నినప్పుడు గన్ పైకి తిరుగుతుంది. అందుకే కుడి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు, స్లైడ్‌కి (పేల్చినప్పుడు వెనక్కీ ముందుకీ జరిగే పైభాగానికి) తగలకుండా, పిడి వెనక వీలైనంత పైకి ఉండాలి. పిడికి ఎడమపక్క మిగిలిన ఖాళీలో ఎడమ అరచేతి అడుగుభాగం పూర్తిగా ఆనాలి. ఆ చేతి వేళ్ళు ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే వలయం) కింద కుడిచేతి వేళ్ళ మీదుగా చుట్టుకోవాలి. బొటనవేళ్ళు రెండూ టార్గెట్ వైపు. 1980లలో రాబ్ లేథమ్, బ్రయన్ ఈనోస్ లాంటి పోటీ షూటర్ల వల్ల బాగా వ్యాపించిన పద్ధతి ఇది. బిగింపు ఎడమచేతిదే ఎక్కువ ఉండాలి. కుడిచెయ్యి నలిపేస్తే ట్రిగ్గర్ వేలు కూడా బిగుసుకుంటుంది. మణికట్లు మాత్రం వదలొద్దు, వదిలితే స్లైడ్ పూర్తిగా వెనక్కి పోక పేలిన తూటా ఖాళీ తొడుగు ఇరుక్కుంటుంది.

ఎడమ బొటనవేలు స్లైడ్ వెనకాల అడ్డంగా పెడితే చర్మం లేచిపోతుంది, జాగ్రత్త. బొటనవేలు స్లైడ్ స్టాప్ (స్లైడ్‌ని వెనక ఆపి ఉంచే చిన్న మీట) మీద ఆనితే చివరి రౌండ్ తర్వాత స్లైడ్ తెరుచుకుని ఆగదు, గన్ పాడైందనుకుని కంగారుపడకండి. రివాల్వర్‌కి ఈ పట్టు పనికిరాదు. సిలిండర్ ముందు సందులోంచి వేడి గ్యాస్ కొడుతుంది, బొటనవేళ్ళు వెనక్కి ముడుచుకోవాలి.

నన్నడిగితే కొన్నాళ్ళు 9 ఎంఎం పక్కన పెట్టి చిన్న తూటాలు వాడే పాయింట్ 22 పిస్టల్ అద్దెకు తీసుకోండి. తన్ను పెద్దగా లేకపోతే భయం దానంతటదే తగ్గుతుంది. చిన్నది కదా అని జేబులో పట్టే పిస్టల్ ఎంచుకోకండి, తేలిక గన్ ఇంకా గట్టిగా తన్నుతుంది.

అన్నట్టు, మీరు హెచ్1బీ మీదో ఎఫ్1 మీదో ఉంటే, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు లేకుండా రేంజ్‌లో గన్ అద్దెకు తీసుకుని కాల్చడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరమే. గ్రీన్‌కార్డు వాళ్ళకి ఈ గొడవ లేదు.