నెలలు నిండుతున్న తల్లి, చంటివాడు, సరుకుల సంచి (2021 మే నెలలో, కరోనా లాక్‌డౌన్ నాటి ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: నాకు ఇప్పుడు ఏడో నెల. రెండున్నరేళ్ల బాబు ఉన్నాడు. మావారు ఒక మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేస్తున్నారు, సెలవు దొరకడం లేదు. పురిటికి సాయంగా రావలసిన మా అమ్మ కర్ఫ్యూ వల్ల రాజమండ్రిలోనే ఉండిపోయింది. తెలంగాణలో 2021 మే 12 నుంచి లాక్‌డౌన్ పెట్టాక దుకాణాలు ఉదయం 6 నుంచి 10 వరకే తెరుస్తున్నారు. ఆ వేళకు ఆయన డ్యూటీలో ఉంటే బాబును వెంటబెట్టుకుని నేనే వెళ్లవలసి వస్తోంది. వాడు మాస్కు క్షణం ఉంచుకోడు, పీకేస్తాడు. ఇంటికి వచ్చాక ప్యాకెట్లన్నీ శానిటైజరుతో తుడిచి, కూరగాయలు సబ్బు నీళ్లలో కడిగేసరికి నడుము పడిపోతోంది. ఎదురింటి పెద్దవాళ్లు బాబును చూసుకుంటామంటున్నారు గానీ వాళ్లకు డెబ్బై దాటాయి. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాదు

జవాబు: అమ్మా, మీరు పడుతున్న శ్రమ అంతా ఇంటికి వచ్చాక ప్యాకెట్ల మీద పడుతోంది, అసలు ప్రమాదమేమో అంతకు ముందే, దుకాణం ముందు గుంపులో ఉంది. 2020 మార్చిలో కరోనా వైరస్ అట్టపెట్టె మీద ఒక రోజు, ప్లాస్టిక్ మీద మూడు రోజుల దాకా నిలుస్తుందని ప్రయోగశాలలో తేలినప్పుడు అందరమూ భయపడి పాల ప్యాకెట్లను సైతం సబ్బుతో కడిగాము. ఆ తరువాతి ఏడాదిలో వచ్చిన అనుభవం వేరుగా ఉంది. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021 ఏప్రిల్ 5న తన సూచనలను సవరిస్తూ, వైరస్ పడిన వస్తువును ఒకసారి తాకినందువల్ల వ్యాధి సోకే అవకాశం సాధారణంగా పదివేలలో ఒకటికంటే తక్కువని చెప్పింది. వ్యాధి ప్రధానంగా మనిషి ఊపిరి నుంచి, అందులోనూ గాలి ఆడని మూసిన చోట, మరో మనిషికి అంటుకుంటోంది. కాబట్టి మీరు ప్యాకెట్లు తుడవడం ఈ రోజే మానేయవచ్చు. సరుకులు సర్దిన తరువాత ఇరవై సెకన్లపాటు సబ్బుతో చేతులు కడుక్కోవడం చాలు. మిగిలిన ఓపికను దుకాణానికి వెళ్లే అవసరాన్ని తగ్గించడానికి ఉపయోగించండి.

మీరు వెళ్లకపోవడమే మంచిదని ఇంత గట్టిగా చెప్పడానికి కారణాలున్నాయి. గర్భం కారణంగా వ్యాధి తేలికగా అంటుకుంటుందని కాదు. అంటుకుంటే మాత్రం అదే వయసులో ఉన్న గర్భం లేని స్త్రీలకంటే గర్భిణులకు తీవ్రమై ఐసీయూ అవసరమయ్యే అవకాశం ఎక్కువ, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో. పెరిగిన గర్భాశయం పైకి నెట్టడం వల్ల ఊపిరితిత్తులు విప్పారడానికి చోటు ఇప్పటికే తగ్గి ఉంటుంది. దీనికి తోడు ఏడో నెలలో పరగడుపున బయలుదేరి వైశాఖపు ఎండలో వరుసలో కదలకుండా నిలబడితే రక్తం కాళ్లలో నిలిచిపోయి కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. మీ ఒళ్లో పదకొండు పన్నెండు కిలోల బిడ్డ, చేతిలో సంచి ఉన్నాయనుకుంటే ఆ పడటం ఎలా ఉంటుందో నేను వివరించనక్కరలేదు. గర్భంలో కీళ్ల బంధాలు వదులవుతాయి, శరీరం బరువు ముందుకు జరుగుతుంది. కూరగాయల దుకాణం ముందు తడిగా ఉండే గచ్చు మీద అందుకే ఎక్కువమంది జారతారు.

ఇక బాబు సంగతి. ఐదేళ్లలోపు పిల్లలకు మాస్కు తప్పనిసరి చేయవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2020 ఆగస్టులోనే సూచించాయి. రెండేళ్లు నిండని పిల్లలకైతే ఊపిరాడని ప్రమాదం ఉన్నందువల్ల అసలు పెట్టకూడదు. మీవాడు మాస్కు పీకేయడం వాడి తప్పూ కాదు, మీ పెంపకం లోపమూ కాదు. అయితే దాని అర్థం, మాస్కు లేని బిడ్డను గుంపులోకి తీసుకువెళ్తున్నారని, వాడు ఏడ్చినప్పుడల్లా ముఖం దగ్గరికి తీసుకుని మీ మాస్కు కూడా సడలించుకుంటారని. ఎదురింటి పెద్దవాళ్ల మంచితనాన్ని కాదనవద్దు, కాని దానిని వేరే పనికి వాడుకోండి. ఆ వయసు వారికి ఈ వ్యాధి మీకంటే ప్రమాదకరం. పసివాడు లక్షణాలేవీ లేకుండానే అంటించగలడు. బాబును ఎదురింటికి పంపి మీరు దుకాణానికి వెళ్లడంకంటే సరుకుల చీటీని ఎదురింటి ద్వారా, వారికి సరుకులు తెచ్చిపెట్టే కుర్రవాడెవరైనా ఉంటే అతనికి పంపడం మేలు. అపార్టుమెంటు వాచ్‌మన్, పై అంతస్తులోని కాలేజీ పిల్లలు, ఎవరైనా ఒకరు వారానికి ఒకసారి తెచ్చిపెట్టడానికి ఒప్పుకుంటారు. అడగడానికి మనవాళ్లు మొహమాటపడతారు, అడిగించుకున్నవారు మాత్రం సంతోషంగా చేస్తారు.

కిరాణా దుకాణాలు ఇప్పుడు చాలావరకు వాట్సాప్‌లో చీటీ తీసుకుని, సరుకు కట్టి ఉంచి, ఫోన్ చేసి పిలుస్తున్నాయి. కొందరు గేటు దాకా పంపుతున్నారు. మీవారు డ్యూటీ దిగి వచ్చే దారిలో కట్టిన సంచిని అందుకోవడం ఐదు నిమిషాల పని. ఇంట్లో ఏ పప్పు ఎంత వస్తుందో మగవారికి తెలియదన్న మాట మా తరంలో చెల్లింది, ఇప్పుడు చెల్లకూడదు. చీటీలో "కందిపప్పు" అని వదిలేయకుండా రకం, తూకం, ఫలానా ప్యాకెట్టు లేకపోతే ఏది తేవాలో రాసి ఇస్తే రెండో చీటీకల్లా ఆయనకు అలవాటవుతుంది. ఇంటికి చేరాక ఆయన చేతులు, ముఖం కడుక్కుని, బట్టలు మార్చుకున్న తరువాతే బాబును ఎత్తుకోవాలి. ఆయనకు దగ్గో, గొంతు నొప్పో, జ్వరమో మొదలైతే ఆ రోజు నుంచే ఇంట్లోనూ మాస్కు పెట్టుకుని వేరే గదిలో పడుకోవాలి. ప్యాకెట్టు తుడిచి ఆయనకు ఎదురుగా కూర్చుని భోజనం చేస్తే ప్రయోజనం లేదు.

బియ్యం, పప్పులు, నూనె, చక్కెర, బాబుకు రాగిపిండి పదిహేను రోజులకు సరిపడా ఉంటే చాలు. రెండు నెలలకు కొని పెడితే వేసవిలో రవ్వకు, పిండికి పురుగు పడుతుంది, దుకాణంలో వెనక నిలబడినవారికి సరుకు మిగలదు. ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తాను తెచ్చినవారే డబ్బాలో పోసి వెళ్లాలి, మీరు లాగవద్దు. కూరగాయలను పాడయ్యే క్రమంలో వండుకుంటే వారానికి ఒకసారి తెప్పించుకున్నా సరిపోతుంది: మొదటి రెండు రోజులు పాలకూర, తోటకూర, తరువాత బెండకాయ, బీరకాయ, చివరికి దోసకాయ, గుమ్మడి, కంద, చేమదుంప, బంగాళాదుంప. కోడిగుడ్లు ఫ్రిజ్‌లో రెండు వారాలు నిలుస్తాయి. (ఇది ఆవకాయ కాలమని నాకూ తెలుసు, ఈ ఒక్క ఏడాదికి పెద్ద జాడీ పట్టకపోతే కొంప మునగదు.) మీ ఇనుము, ఫోలిక్ యాసిడ్, కాల్షియం మాత్రలను మాత్రం నెలకు సరిపడా తెప్పించి ఉంచుకోండి.

కూరగాయలను సబ్బుతో కడగవద్దు. సబ్బు వాటి సందుల్లో మిగిలి కడుపులోకి పోయి వాంతులు, విరేచనాలు తెస్తుంది. మన ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా సబ్బు, క్రిమిసంహారకాలు వద్దని చెప్పింది. ధారగా పడే మంచినీటి కింద చేతితో రుద్ది కడగండి. ఈ కడగడం కరోనా రాకముందు నుంచీ గర్భిణులకు అవసరమే: మట్టిలో ఉండే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పచ్చి ఆకుకూరల ద్వారా తల్లికి, తల్లి నుంచి కడుపులోని బిడ్డకు చేరగలదు. కొత్తిమీర, కీరాదోస పచ్చిగా తినేటప్పుడు ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. శానిటైజరు సీసా, బ్లీచింగ్ నీళ్లు బాబుకు అందని ఎత్తులో ఉండాలి. కూల్‌డ్రింకు సీసాలో పోసి ఉంచిన బ్లీచింగ్ నీటిని తాగే పిల్లలు ఉంటారు.

ఎన్ని ఏర్పాట్లు చేసుకున్నా ఎప్పుడో ఒకరోజు మీరే వెళ్లక తప్పకపోవచ్చు. అప్పుడు కొంచెం ఏదైనా తిని, నీళ్లు తాగి బయలుదేరండి. ఏసీ వేసి తలుపులు మూసిన సూపర్‌మార్కెట్ వద్దు, వీధి వైపు తెరిచి ఉండే కొట్టుకు లేదా గేటు ముందుకు వచ్చే తోపుడు బండికి వెళ్లండి. రద్దీ ఎప్పుడు తగ్గుతుందో దుకాణదారుకే తెలుసు, ముందుగా ఫోన్ చేసి అడగండి. లోపల సర్జికల్ మాస్కు, దానిపై గుడ్డ మాస్కు ముక్కు దగ్గర ఖాళీ లేకుండా పెట్టుకోండి. కవాటం లేని ఎన్95 ఉంటే అదొక్కటే చాలు. వరుస పొడవుగా ఉంటే ఆశించిన సరుకు దొరకకపోయినా తిరిగి వచ్చేయండి. గర్భిణినని చెప్పి ముందుకు వెళ్లడానికి సిగ్గుపడవద్దు.

ప్రశ్న: మాది విజయవాడ. నాకు అయిదో నెల, మూడేళ్ల పాప ఉంది. కర్ఫ్యూ మధ్యాహ్నం 12 తరువాతే అయినా భయంతో అంగన్‌వాడీకి వెళ్లడం మానేశాను. సరుకులు పోయినట్లేనా?

జవాబు: పోలేదు. కేంద్రంలో కూర్చోబెట్టి వండి పెట్టే పద్ధతికి బదులు కరోనా కాలంలో సరుకులను ఇంటికి ఇచ్చే ఏర్పాటు చేశారు, కాబట్టి మీ కేంద్రం టీచరుకు ఫోన్ చేసి మీ పేరు జాబితాలో ఉందో లేదో, ఏ రోజు అందుతాయో తెలుసుకోండి. ఒకవేళ కేంద్రానికి వచ్చి తీసుకోమంటే మీ తరఫున ఇంట్లోవారిని పంపవచ్చా అని అదే ఫోన్‌లో అడగండి. గుడ్లను పూర్తిగా ఉడికించి తినండి. అవి పాప కోసం ఇంట్లో అందరికీ పంచి మీరు మిగిలిన చారుతో సరిపెట్టుకోవద్దు. పాపకు విడిగా వస్తాయి, మీ వంతు మీరు తినాలి.

ప్రశ్న: టీకా వేయించుకుంటే గర్భిణులు బజారుకు వెళ్లవచ్చా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మన దేశంలో పాలిచ్చే తల్లులకు కరోనా టీకా వేయడానికి 2021 మే 19న కేంద్ర ఆరోగ్య శాఖ అనుమతి ఇచ్చింది; అప్పటికి గర్భిణుల విషయం పరిశీలనలో ఉండేది, 2021 జూలైలో వారికీ అనుమతి వచ్చింది. ఆ అనుమతి వచ్చేదాకా మీ ఇంట్లో పద్దెనిమిదేళ్లు నిండిన మిగిలిన వారందరూ వేయించుకుని, బజారు పని వారే చూసుకోవడం మీకు దొరికిన రక్షణ. జ్వరం, ఆయాసం వచ్చినా, పల్స్ ఆక్సిమీటరులో అంకె 95 కంటే తగ్గినా, బిడ్డ కదలికలు తగ్గినా, రక్తం కనిపించినా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.