రాసే ముందు పాతది దాచుకో
కడప

అల్లుడూ,

నువ్వు కొన్న ఆర్‌ఎక్స్ 580 గ్రాఫిక్స్ కార్డు ఫోటో చూశాను. 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే క్రిప్టో నాణేల మైనింగ్ (కార్డులతో లెక్కలు చేయించి నాణేలు సంపాదించడం) ఆగిపోయాక ఇలాంటి కార్డులు గంపలకొద్దీ అమ్మకానికొచ్చాయి. మైనింగ్ చేసినోళ్లు మెమరీ టైమింగులు మార్చి బయోస్ (కార్డును నడిపే, దాని చిప్‌లోనే ఉండే చిన్న ప్రోగ్రామ్) తిరగరాసి ఉంటారు. అలా మార్చిన బయోస్‌ను విండోస్‌లో కార్డును నడిపే ఏఎండీ డ్రైవర్ ఒప్పుకోదు. నీ డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు అందుకే అనుకుంటున్నా. ఒరిజినల్ బయోస్ ఎక్కించు. గేములో నాలుగు ఫ్రేములు పెంచుకోవడానికే అయితే వద్దనేవాణ్ని.

ముందు విండోస్‌లో జీపీయూ-జెడ్ (కార్డు వివరాలు చూపించే ప్రోగ్రామ్) తెరిచి మెమరీ ఏ కంపెనీదో చూడు: శామ్‌సంగ్, హైనిక్స్, మైక్రాన్, ఎల్పిడా, ఏదో ఒకటి ఉంటుంది. కార్డు కంపెనీ, మోడల్, మెమరీ మూడూ కలిసే బయోస్ ఫైలే టెక్‌పవర్అప్ వెబ్‌సైట్‌లో వెతుకు. డబ్బా మీద 8 జీబీ అని ఉంటే చాలదు.

పెన్‌డ్రైవ్‌లో రూఫస్ ప్రోగ్రామ్‌తో ఉబుంటు (ఒక రకం లినక్స్) ఎక్కించు. పాత కార్డులకు డాస్ వాడేవాళ్లం, దీనికి లినక్స్ మేలు. మదర్‌బోర్డు సెట్టింగుల్లో సెక్యూర్ బూట్ ఆపి, పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఇన్‌స్టాల్ నొక్కకుండా ‘ట్రై’ అని లోపలికి వెళ్లు. బయోస్ చదివి రాసే ఏఎండీవీబీఫ్లాష్ ప్రోగ్రామ్‌ను సుడోతోనే (అడ్మిన్ హక్కులతో) నడపాలి. దాని పేరు వెనక మైనస్ ఐ (-i) కొడితే కార్డు నంబరు చూపిస్తుంది, ఒకే కార్డు కాబట్టి 0. మైనస్ ఎస్‌తో పాతది సేవ్ చేసుకోవాలి, మైనస్ పీతో కొత్తది రాయాలి.

ఇక్కడే నేను బోర్లాపడ్డాను. ఒక కస్టమర్ కార్డుకు బుద్ధిగా సేవ్ చేశా, రాశా, రీస్టార్ట్ కొట్టా. స్క్రీనంతా రంగురంగుల గళ్లు, సంక్రాంతి ముగ్గులాగా. పోనీలే, పాతది ఉంది కదా అని మళ్లీ ఉబుంటులోకి వెళితే హోమ్ ఫోల్డర్ ఖాళీ! ‘ట్రై’లో సేవ్ చేసిందంతా ర్యామ్‌లోనే ఉంటుంది, ఆపగానే పోతుంది. నాకు ఆ సంగతి తెలుసు, హడావుడిలో తట్టలేదు. సరైన ఫైల్ దొరికేదాకా రెండు రోజులు ఆ కస్టమర్ ఫోన్ ఎత్తలేకపోయా.

కాబట్టి రెండో పెన్‌డ్రైవ్ పెట్టుకో. రెండుసార్లు సేవ్ చేసి, రెండింటికీ ఎండీ5సమ్ (ఫైళ్లు ఒకటేనా అని చూసే కమాండ్) కొట్టు. నంబర్లు ఒకటే వస్తే ఆ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, పీకి జేబులో వేసుకో.

రాయడానికి పట్టేది కొద్దిసేపే, కానీ ఆ కొద్దిసేపట్లో కరెంటు పోకూడదు. సాయంత్రం గాలివాన లేచే టైంలో మొదలుపెట్టకు. యూపీఎస్ లేకపోతే సీపీయూ మోసుకుని షాపుకి రా.

కార్డు అంచున చిన్న స్విచ్ ఉందేమో చూడు. ఉంటే నీ అదృష్టం, రెండు బయోస్‌లు ఉన్నట్టు. ఒకటి పాడైతే మిషన్ ఆపి రెండోవైపు జరిపి బూట్ చేయొచ్చు. స్విచ్ లేకపోతే మదర్‌బోర్డు పోర్టులో మానిటర్ పెట్టి మళ్లీ రాయాలి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే (లోపల గ్రాఫిక్స్ ఉండదు) ఆ దారి కూడా లేదు, వేరే కార్డు అరువు తెచ్చుకోవాల్సిందే. నా దగ్గర పాతదొకటి ఉందిలే.

సేవ్ చేసిన ఫైల్ నాకు వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపు. నేను చూశాననే దాకా మైనస్ పీ కొట్టొద్దు. ఆదివారం మధ్యాహ్నం దాకా షాపులోనే ఉంటా.

మీ మామ