లిల్లీ ఆకుల మీద తెల్లచుక్కలు, ఎర్రమచ్చలు ఉన్న నల్లటి పురుగులు గుంపులుగా ఆకు తింటున్నాయి, ఇవేంటి? మందు కొట్టాలా?

నల్లటి ఒళ్లు, దాని మీద తెల్లచుక్కలు, మధ్యలో ఎర్రమచ్చలు, అన్నీ ఒకే ఆకును పట్టుకుని తినడం... మీరు చెప్పినవన్నీ చూస్తే అవి లిల్లీ మాత్ అనే రెక్కల పురుగు గొంగళిపురుగులే. శాస్త్రీయ నామం పాలిటెలా గ్లోరియోసే. మా కుండీల్లో ఏటా వస్తాయి, సీసాలో పెట్టి పెంచాను కూడా, అందుకే గట్టిగా చెబుతున్నా, మందు అక్కర్లేదు.

ఇది నాక్టుయిడే అనే రెక్కల పురుగుల కుటుంబంలోది. పొగాకు లద్దెపురుగు, శనగపచ్చ పురుగు, 2018లో మన దేశంలోకి వచ్చి మొక్కజొన్నను పీల్చి పిప్పి చేసిన కత్తెర పురుగు, అన్నీ దీని చుట్టాలే. అవి పంట మీద పడతాయి కాబట్టి వాటి గురించి కుప్పలుగా రాశారు. దీని గురించి తెలుగులో వెతికితే దాదాపు ఏమీ దొరకదు, నాకైతే అది చాలా బాధగా ఉంటుంది, ఎందుకంటే ఇంత అందమైన రెక్కల పురుగు మన పెరట్లోనే తిరుగుతోంది.

ఇది తినేది లిల్లీ జాతులు, స్పైడర్ లిల్లీ, అడవినాభి లాంటివే. పక్కనున్న గులాబీ, మందార జోలికి రాదు, ఆ టెన్షన్ వద్దు. అడవినాభిలో కాల్చిసిన్ అనే విషం ఉంటుంది, అయినా దీనికి అదే తిండి. గుడ్లు ఆకు అడుగున గుంపుగా పెడుతుంది. పిల్లలు ముందు పచ్చదనం మాత్రమే గీకేస్తాయి, ఆకు మీద పల్చటి పొర మిగిలి ఎండకు అవతలి వైపు కనిపిస్తుంది. ఆ దశలోనే ఆ ఆకు కోసేస్తే పని అయిపోతుంది. పెద్దవైతే చేత్తో ఏరెయ్యండి, ముట్టుకోగానే ముడుచుకుని కింద పడిపోతాయి కాబట్టి కింద ఒక కాగితం పట్టుకోండి. లిల్లీ పసరు మంచిది కాదు, తర్వాత చేతులు కడుక్కోండి. ఆకులన్నీ పోయినా గడ్డ బాగుంటే మళ్లీ చిగురిస్తుంది.

ఒకటి రెండు మాత్రం ఉంచుకోండి. వెడల్పాటి సీసాలో అడుగున కొంచెం తడి మట్టి, రోజూ తాజా లిల్లీ ఆకు, నిలువుగా ఒక పుల్ల, మూతకు బదులు పల్చటి గుడ్డ. ఎదిగాక పురుగు మట్టిలోకి దిగి అక్కడే ప్యూపా (రెక్కలు రాకముందు కదలకుండా ఉండే దశ) అవుతుంది, మట్టి మరీ ఎండనివ్వకండి, తవ్వి చూడకండి. కొన్ని వారాలకు బయటికొచ్చి పుల్ల ఎక్కుతుంది, రెక్కలు మొదట నలిగిన గుడ్డముక్కల్లా ఉంటాయి, చూస్తుండగానే విచ్చుకుంటాయి. ముందు రెక్కల మీద నలుపు, ఎరుపు, పసుపు మచ్చలు పక్కపక్కనే ఉంటాయి. రెక్కలు పూర్తిగా ఆరాక పైనుంచి ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, పేరు ఖాయం చేసుకుందాం.