ఇంకా బిడ్డ పుట్టని ఆ నలుగురు

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి అమ్మాయికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. కృష్ణలంకలో ఇల్లిల్లూ తిరిగి ముప్పై మందితో మాట్లాడి, పెళ్ళికీ తొలి కాన్పుకీ మధ్య ఎన్ని నెలలు పట్టిందో రాసుకున్నావు. ఓపికగా చేసిన పని. కానీ ‘సగటున 16 నెలలు’ అన్నచోట ఆగిపోయాను. ఇంకా పిల్లలు లేని నలుగురిని లెక్కలోంచి తీసేశానని కింద రాశావు. తప్పు జరిగింది అక్కడే.

ఆలస్యంగా బిడ్డ పుట్టేవాళ్ళనే తీసేస్తే మిగిలేది తొందరగా బిడ్డ పుట్టినవాళ్ళేగా! పెళ్ళయి మూడేళ్ళయినా బిడ్డ లేని ఆమె నీకు ఏమీ చెప్పలేదనుకున్నావు. 36 నెలల వరకు పుట్టలేదని చెప్పింది కదమ్మా. ఐదు నెలల కిందట పెళ్ళయిన పిల్ల ఐదు నెలల సంగతి చెప్పింది. ఒక్కో నెలా తీసుకుని చూడు: ఆ నెల మొదట్లో ఇంకా బిడ్డ పుట్టనివాళ్ళు ఎందరు, వాళ్ళలో ఆ నెల ఎందరికి కాన్పయింది? ఐదు నెలల పిల్లని ఐదో నెల దాకా ఉంచి, ఆ తర్వాతే లెక్కలోంచి తప్పించు. ప్రతి నెలా కాన్పు కానివాళ్ళ వంతుని ముందు నెలల వంతులతో గుణిస్తూ పో. 1958లో కాప్లాన్, మేయర్ అనే గణాంకవేత్తలు రాసిన పద్ధతి ఇదే. సగటు వదిలేసి, సగం మందికి ఏ నెలకల్లా బిడ్డ పుట్టిందో చెప్పు.

పెళ్ళి నెలతో పాటు కాపురానికి వెళ్ళిన నెల కూడా అడుగు. ఆ రెండూ ఒకటి కానివాళ్ళు ఉంటారు. ఏడాది గుర్తురాకపోతే ‘2016 కృష్ణా పుష్కరాలకి ముందా, తర్వాతా?’ అను. శుభలేఖ దాచుకున్నవాళ్ళుంటే ఇక టెన్షనే లేదు.

ఇంకొకటి. పుట్టి పోయిన బిడ్డ గురించి అడగడానికి మొదట్లో నాకు నోరు రాలేదు. ఒకామె రెండో బిడ్డనే తొలి బిడ్డగా రాసుకుని వచ్చేశాను. తర్వాత ఆమే చెప్పి ఏడ్చింది. ఆ బిడ్డని లెక్కలో కూడా లేకుండా చేశానే అని ఇప్పటికీ బాధపడతాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వాళ్ళు ఈ ప్రశ్న విడిగా అడుగుతారు. నువ్వూ అడుగు, అత్తగారు పక్కన లేనప్పుడు, మెల్లగా.

ఆ నలుగురి వివరాలు నీ నోటుబుక్కులో ఉన్నాయిగా, పట్టిక మళ్ళీ వేసి తీసుకురా. ఆదివారం ఇంట్లోనే ఉంటాను.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ