జ్ఞాపకశక్తి పరీక్షలో ‘ప్రయత్నం చాలలేదు’ అని రాస్తే నటించినట్టేనా?

రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలిన మీ మామయ్యగారి రిపోర్టులో ‘తగినంత ప్రయత్నం కనిపించలేదు’ అని రాశారని, ఆయన నటించారని దానర్థమా అని అడిగారు. కాదు. ఆ రోజు వచ్చిన మార్కులను చూసి ఆయన జ్ఞాపకశక్తి ఇంత అని తేల్చలేమని మాత్రమే అర్థం. హైదరాబాద్‌లో క్లినికల్ సైకాలజిస్టుగా ఆ వాక్యం నేనూ రాస్తుంటాను, ఇంట్లోవాళ్లు నొచ్చుకుంటూనే ఉంటారు.

కష్టంగా కనిపించే తేలిక పరీక్ష ఒకటి మధ్యలో పెడతాం. 50 బొమ్మలు ఒక్కొక్కటే చూపి, తర్వాత రెండేసి పక్కపక్కన ఉంచి ‘ఇందాక చూసింది ఏది?’ అంటాం. అదే మళ్లీ ఇంకోసారి చేస్తాం. తలకు గట్టి దెబ్బ తగిలినవారు కూడా రెండో విడతకు సాధారణంగా 45కు తగ్గరు. కళ్లు మూసుకుని వేలు పెట్టినా 25 దరిదాపుల్లో రావాలి. 18 లేదా అంతకు తక్కువైతే, సరైనది తెలిసే రెండోదాన్ని చూపారన్న అనుమానం బలపడుతుంది. అది అరుదు. చిక్కంతా మధ్యలో ఉన్న మార్కులతోనే.

నష్టపరిహారం కేసు నడుస్తున్న ఒకాయన నాలుగు అంకెలు తిరిగి చెప్పలేకపోయారు. వేలు పెట్టే ముందు ప్రతిసారీ తలుపు దగ్గర కూర్చున్న బావమరిది వైపు చూసేవారు. తీరా లేచి వెళ్తూ, మొదట్లో నేను ఇస్తానన్న ఫారం గుర్తుచేసి మరీ అడిగారు! ఇలాంటి పొంతన లేనితనం మార్కులకన్నా ఎక్కువ చెబుతుంది. అయినా దాన్నొక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పకూడదు.

పరీక్షలకూ లోపాలున్నాయి. రే అనే ఆయన పేరుతో ఉన్న 15 అంశాల పరీక్షలో ఇంగ్లిషు పెద్దబడి, చిన్నబడి అక్షరాలు, రోమన్ అంకెలు ఉంటాయి. చూసి గుర్తుపెట్టుకుని రాసినవి తొమ్మిదికి తగ్గితే అనుమానించడం వాడుక. బడి ముఖం చూడని మేస్త్రీకి అవి గుర్తుండకపోతే అది నటనా? ముదిరిన డిమెన్షియాలో (మతిమరుపు జబ్బు) బొమ్మల పరీక్షా తప్పవచ్చు. నిద్రలేమి, నొప్పి, దిగులు, మత్తు కలిగించే మాత్రలు సరేసరి.

అందుకే పరీక్ష ఏ భాషలో పెట్టారు, ప్రయత్నాన్ని కొలిచేవి ఒకటికి మించి వాడారా అని అడగండి. సందేహం తీరకపోతే మరోచోట తెలుగులో మళ్లీ చేయించండి. ఏ పరీక్ష ఎలా ఉంటుందో వెతికి ఆయనకు ముందే నేర్పకండి, రెండో రిపోర్టూ పనికిరాకుండా పోతుంది. కళ్లజోడు, వాడే మందుల చీటీ వెంట తీసుకెళ్లండి, మీరు మాత్రం గది బయటే కూర్చోండి.